ఉత్తచేతులు

ఎవరు నేర్పారు ఈ పట్టు? బొటనవేలు ఒక దవడ మూలన, నడిమివేలు రెండో మూలన పెట్టి మెల్లగా నొక్కితే చాలు, ఎంత మొండి నోరైనా తెరుచుకోవలసిందే. పొద్దున కుక్కపిల్ల నోరు అలాగే తెరుచుకుంది. అంతకుముందు ఏ జంతువు నోరూ తెరిపించి ఎరగదు తను. పిల్లలా, లేరు. మరి వేళ్ళకి ఎలా తెలిసింది? నేర్చుకోకుండా వచ్చిన విద్య ఏదైనా ఉంటే, దాని వెనక ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. ఎవరది?

ఆలోచిస్తూనే చిన్నది కోటు కుట్టు విప్పుతోంది. చిన్నది అంటే నలభై దాటిన మనిషి. చెవుల పక్క నెరిసింది, ముక్కు మీదికి కళ్ళజోడు వచ్చింది, అయినా ఇంట్లో అందరికన్నా ఆఖరున పుట్టిన పాపానికి ఆ పేరు మాత్రం పోలేదు. ఇంటి ముందు గదిలోనే ఆమె కుట్టు దుకాణం. కొత్తబట్టలు కుట్టదు. ఎవరో కుట్టినవాటిని, ఎవరికో సరిపోయేలా చేస్తుంది. ఇప్పుడు బల్ల మీద గుట్టగా పడి ఉన్నవి ఒక హోటలు వాళ్ళ నల్లకోట్లు. అక్కడ వడ్డించే వాళ్ళందరికీ ఏం మాయో, కూడబలుక్కున్నట్టు నడుములు పెరిగాయి. అన్నీ వదులు చెయ్యాలి. కుట్టడం కన్నా విప్పడమే కష్టం. బ్లేడు దారానికి తగలాలి, గుడ్డకి తగలకూడదు. ఎడమచేత్తో రెండు అంచులూ లాగి పట్టుకుంటే మధ్యలో దారం పళ్ళు బయటపెడుతుంది. ఒక్కో పన్నూ తెంచుకుంటూ పోవాలి. చూపు పక్కకి పోయిందా, కోటు కాదు, కొంప మునుగుతుంది.

అయినా ఆమె చూపు పక్కకి పోతూనే ఉంది. బల్ల కింద, గుడ్డముక్కలు వేసే తొట్టిలో, కుక్కపిల్ల ఉంది. పడుకుని ఉంది అనడం కూడా ఎక్కువే. ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు ఉంది. బూడిదరంగు ఒళ్ళు, నుదుటి మీద ఒక తెల్లమచ్చ. పక్కటెముకలు లేస్తూ పడుతూ ఉండడం ఒక్కటే ఆనవాలు.

వీధికుక్క ఈనిన పిల్లల్లో ఇది ఆఖరిది. మిగతావాటిని వాంతులూ విరేచనాలూ ఒక్కొక్కదాన్నే తీసుకుపోయాయి. నిన్న సాయంత్రం ఇది దుకాణం మెట్టు పక్కన కక్కుకుని పడి ఉంటే, పక్క కొట్టాయన చీపురుతో అవతలికి తోస్తున్నాడు. కోపంతో కాదు. ఎండుటాకులు తోసినట్టు, వేరే ఎటో చూస్తూ, ఎవరితోనో మాట్లాడుతూ. తోసిన కొద్దీ అది తోసినంత దూరం జరిగింది, అరవలేదు. కొడితే ఊరుకునేదేమో చిన్నది. ఆ వేరే ఎటో చూడడమే ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. లేచి వెళ్ళి కోటు లైనింగు ముక్కలో చుట్టి తెచ్చింది. తెచ్చాక గాని ఎందుకు తెచ్చిందో ఆలోచించలేదు.

"ఏంటది?" అన్నాడు మొగుడు లోపల్నుంచి వస్తూ. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే మనిషి, ఎప్పుడూ జేబులో స్క్రూడ్రైవరుతో ఉంటాడు.

"ఏం లేదు, పీలిక" అంది ఆమె, దాచబోతూ.

"పీలికకి తోకుందేంటి?"

అలా దానికి పేరు కుదిరిపోయింది.

*

పశువుల డాక్టరు మాట పొదుపు మనిషి. ఆ పొద్దున పీలికని బల్ల మీద పడుకోబెట్టి, మెడ మీది తోలు పైకి లాగి వదిలింది. తోలు వెంటనే కిందికి పోలేదు. గుడారంలా నిలబడి, మెల్లగా, ఇష్టం లేనట్టు దిగింది.

"నీళ్ళన్నీ పోయాయి ఒంట్లోంచి" అంటూ ఆ తోలు కిందికే సూది గుచ్చి సీసాలోని నీళ్ళు ఎక్కించింది. మెడ పక్కన ఉబ్బు లేచింది. "ఇక్కడ నేను చేసేది ఇంతే. మిగతాదంతా ఇంటి దగ్గరే. మాత్ర నూరి, కొంచెం కొంచెంగా నోట్లో పొయ్యాలి. కక్కుతుంది. కక్కితే మళ్ళీ పొయ్యాలి. లేచి తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మీ ఇంట్లో ఓపిక ఎవరికుంది?"

"ఈవిడకే" అన్నాడు మొగుడు, అడిగీ అడగకముందే. "వీళ్ళది హస్తవాసి ఉన్న కుటుంబం డాక్టరుగారూ. వీళ్ళక్క చేత్తో ఉత్త మంచినీళ్ళిచ్చినా జ్వరం పారిపోయేదట. ఈవిడదీ అదే చెయ్యి."

డాక్టరు ఆ మాటకి నవ్వలేదు. సూది లేని సిరంజి ఒకటి చిన్నదాని చేతిలో పెట్టింది. "హస్తవాసి సంగతి నాకు తెలీదు. చెయ్యి వణక్కుండా ఉంటే చాలు."

"బతుకుతుందా?"

"అది దాన్నడగాలి. మీరు మాత్రం వదలకండి."

దారిలో మొగుడు రెండుసార్లు దగ్గి, "పోతే మనసు కష్టపెట్టుకోకు" అన్నాడు. పోవడం సంగతి చిన్నది ఆలోచించడం లేదు. అప్పటికే ఆమె మనసులో ఇల్లంతా సర్దుకుంటోంది. తొట్టి కిటికీ పక్కకి జరపాలి, పాత దుప్పటి చింపాలి, చెంచాలు రెండు వేరే పెట్టాలి. కుట్టుపనిలోనూ ఆమెది ఇదే పద్ధతి. కోటు పాడైందా బాగుందా అని చూడదు. ముందు కుట్టు ఎక్కడ మొదలైందో వెతుకుతుంది.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టింది. రెండు చెంచాల మధ్య మాత్ర పెట్టి నొక్కితే కరకరమని నలుగుతుంది. ఆ పొడిని చిన్నగిన్నెలో వేసి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోసి, చెంచాతో తిప్పితే గిన్నె అంచు టింగుటింగుమంటుంది. సిరంజిలోకి లాగి, మోకాళ్ళ మధ్య పీలికని ఇరికించుకుని, ఆ పట్టు పట్టి, బుగ్గ సందులోంచి చుక్క చుక్కగా వదలాలి. ఒక్కసారి వదిలితే ఊపిరి గొట్టంలోకి పోతుంది. మింగే దాకా గొంతు మీద వేలితో కిందికి రాయాలి. పీలిక మింగింది. గోడ గడియారం వంక చూసి చిన్నది కోటు అందుకోబోతుంటే, అది ఒళ్ళంతా మెలిపెట్టుకుని కక్కేసింది.

"చూశావా" అన్నాడు మొగుడు గుమ్మంలోంచి.

చిన్నది గుడ్డతో తుడిచి, ఇంకో మాత్ర తీసి చెంచాలో పెట్టింది.

కరకర.

*

అక్క లోపలి గదిలో ఉంది. కంట్లో శుక్లం తీయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంటుంది పగలంతా. వంగకూడదన్నారు, బరువెత్తకూడదన్నారు, నీళ్ళు తగలకూడదన్నారు. చుక్కలు వెయ్యడానికి ఒక మనిషి కావాలి. తమ్ముళ్ళిద్దరూ ఫోనులో చాలా ప్రేమగా మాట్లాడి, "చిన్నదాని దగ్గరయితే మాకు నిశ్చింత" అన్నారు. అక్క తన సంచీతో వచ్చింది.

వచ్చినప్పటి నుంచీ ఇద్దరి మధ్యా ఎక్కువ మాటలు లేవు. కోపాలూ లేవు. అక్క గొంతు సవరించుకుంటే చాలు, చిన్నదానికి పళ్ళు వాటంతట అవే బిగుసుకుంటాయి. ఎందుకో ఆమెకి తెలియదు, అలా బిగుసుకుంటున్నాయని కూడా తెలియదు. రాత్రికి దవడలు నొప్పి పుడితే బాబిన్ దారం నోటితో కొరికినందుకేమో అనుకుంటుంది.

చుక్కల మందు తీసుకుని గదిలోకి వెళ్ళేసరికి అక్క అప్పటికే అద్దాలు తీసి, తల వెనక్కి వాల్చి, రెండు చేతులా దుప్పటి అంచు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"నేనొస్తున్నానని ఎలా తెలిసింది?"

"మందు తెచ్చే మనిషి అడుగు వేరుగా ఉంటుందే. తొందరగా పడుతుంది, గట్టిగా పడుతుంది. నాకు తెలీదా."

చిన్నది కింది రెప్ప లాగి ఒక చుక్క వేసింది. అక్క ఒళ్ళు చిన్నగా జలదరించింది. ఎందరికో మందులు పోసిన మనిషికి ఒక్క చుక్కంటే ఇంత భయమా అని చిన్నదానికి వింతగా అనిపించింది. ఆ వింతలో కొంచెం తృప్తి కూడా ఉందని ఆమె ఒప్పుకోదు.

"మూసుకో. నలపకు."

"కక్కుతోందా ఇంకా?" అక్క కళ్ళు మూసుకునే అడిగింది.

"నీకెలా తెలుసు?"

"పొద్దుట్నుంచి మాత్రలు నూరుతూనే ఉన్నావుగా. కళ్ళకి నల్లద్దాలు పెట్టారు గాని చెవులు మూయలేదు. బుగ్గ సందులోంచి పొయ్యి, నాలుక మీద పోస్తే ఉమ్మేస్తుంది."

"అలాగే పోస్తున్నా."

"దవడ మూలలు పట్టుకున్నావా?"

చిన్నదాని చెయ్యి సీసా మూత మీద ఆగిపోయింది. తను అలా పట్టుకున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఆ క్షణాన, తన దవడ మూలల దగ్గర, చల్లగా, తడిగా, చిన్నప్పటి రెండు వేళ్ళ స్పర్శ వచ్చింది. బట్టల పెట్టె వెనక చీకటి వచ్చింది. చెంచా టింగుమన్న చప్పుడు వచ్చింది. వాటి వెనక ఎవరు నిలబడ్డారో ఇక వెతకనక్కర్లేదు.

"కాసేపు కూర్చోవే" అంది అక్క.

"పీలికకి వేళయింది" అంటూ చిన్నది లేచిపోయింది. నిజానికి ఇంకా కాలేదు.

*

హోటలు మేనేజరు చెప్పాపెట్టకుండా దిగాడు. టై బిగించుకుని, చెమటలు కక్కుతూ, గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటీ వాసన?"

"కుక్కపిల్లకి ఒంట్లో బాలేదు."

"కుక్కపిల్లా? మా కోట్లున్నచోట?" అతను తొట్టి వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏమండీ, అవి తొడుక్కుని పెద్దపెద్ద వాళ్ళకి వడ్డించాలి మా కుర్రాళ్ళు. ఆ జబ్బు కోట్లకి అంటుకుంటే?"

"కోట్లకి వాంతులు కావండి."

"ఎగతాళి కాదు. దాన్ని అవతల పెట్టండి. లేదంటే కోట్లన్నీ ఇటిచ్చెయ్యండి, వేరేచోట చేయించుకుంటాం."

లోపల్నుంచి మొగుడు తొంగి చూశాడు. కళ్ళతోనే 'ఊఁ అను' అంటున్నాడు. చిన్నది అప్పుడే సిరంజి పట్టుకుని ఉంది. పీలిక ఆమె మోకాళ్ళ మధ్య తల వాల్చేసి ఉంది, నాలుక తెల్లగా పాలిపోయి. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు. మేనేజరు వంక చూడడానికి కూడా తీరిక లేనట్టు, ఆమె ఒక చుక్క వదిలి, గొంతు మీద వేలు రాసింది.

"తీసుకెళ్ళండి. ఆ గుట్టంతా మీదే. సగం కోట్లకి పక్క కుట్లు విప్పేసి ఉన్నాయి, కొన్నిటికి చేతులు ఊడదీశాను. ఏ చెయ్యి ఏ కోటుదో సుద్దతో గుర్తు పెట్టాను గాని, ఆ గుర్తులు నాకే తెలుస్తాయి. అలాగే తొడుక్కోమనండి, గాలాడుతుంది."

మేనేజరు గుట్ట వంక చూశాడు. పైనున్న కోటు ఒకటి పక్కలు తెరుచుకుని, పొట్ట కోసిన చేపలా పడి ఉంది. అతను టై వదులు చేసుకున్నాడు.

"ఎప్పటికవుతాయి?"

"అన్న రోజుకే అవుతాయి. కుక్కపిల్ల వెనకగదిలో ఉంటుంది, కోట్లు ఇక్కడుంటాయి. ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కునే మిషను ముట్టుకుంటాను. అంతకన్నా నావల్ల కాదు."

అతను వెళ్ళాక మొగుడు వచ్చి తొట్టి ఎత్తి వెనకగదిలోకి చేర్చాడు. "నువ్వింత గట్టిదానివని నాకిన్నాళ్ళూ తెలీదే" అన్నాడు. మెచ్చుకున్నాడో, భయపడ్డాడో.

ఆ మధ్యాహ్నం పీలిక మూడొంతులు అవతలికి పోయి వచ్చింది. కాళ్ళు చల్లబడ్డాయి. చిన్నది ఇస్త్రీ పెట్టెతో దుప్పటి ముక్కలు వేడిచేసి చుడుతూ, మందు పోస్తూ, అది కక్కితే తుడుస్తూ, చేతులు కడుక్కుని వెళ్ళి మిషను తొక్కుతూ, మళ్ళీ లేచి వస్తూ గడిపింది. ఏడవలేదు. ఏడుపు వచ్చే చోట ఆమెకి ఒకరకమైన చిరాకు వచ్చింది. 'నువ్వు పోదామనుకుంటే పో, నేను పొయ్యడం మాత్రం ఆపను' అనే చిరాకు. మందు పోసేటప్పుడు అది బలహీనంగా తల తిప్పుకుంటే, పట్టు ఇంకొంచెం బిగించింది. దాని మొహం వంక చూడడం లేదు. నోరు, సిరంజి, గొంతు. ఆ మూడే చూస్తోంది.

సాయంత్రానికి పోసింది లోపలే నిలిచింది.

*

మర్నాడు పొద్దున వెనకగది తలుపు తీసేసరికి పీలిక తొట్టిలో లేదు. తొట్టి పక్కకి ఒరిగి ఉంది, నేల మీద తడి. ఆ తడి వెంట చూస్తే గది మూల, మొగుడు విప్పి పెట్టిన ఫ్యాను రెక్కల మధ్య, నాలుగు కాళ్ళ మీద వణుకుతూ నిలబడి ఉంది. ముందు పెట్టిన గిన్నెలోని నీళ్ళు తనంతట తనే తాగిందని గడ్డం కింద బొట్లు చెబుతున్నాయి.

"ఏవండీ" అంది చిన్నది, మెల్లగా, గట్టిగా పిలిస్తే అది పడిపోతుందేమో అన్నట్టు.

మొగుడు బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చాడు. వచ్చి చతికిలబడ్డాడు. పీలిక అతని వంక చూసింది. తోక కదిలింది. మొత్తం తోక కాదు, చివరి అంగుళం. తూలుకుంటూ నాలుగడుగులు వేసి అతని పాదం మీద గడ్డం ఆనించి కూలబడింది.

"ఓర్నీ" అన్నాడు మొగుడు నురగలతో. కళ్ళు చెమ్మగిల్లాయి. ఏ పనీ చెయ్యకుండా వచ్చిన ప్రేమ కదా, తీయగా ఉంటుంది.

చిన్నదాని ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికలోనే, అలవాటు కొద్దీ, గూట్లోంచి మాత్ర తీసి చెంచాలో పెట్టి నొక్కింది.

కరకరమన్న చప్పుడుకి పీలిక తల ఎత్తింది. చెవులు వెనక్కి పోయాయి. ఆమె తిరిగేసరికి అది మొగుడి కాళ్ళ సందులోంచి దూరి, పాత మిషను వెనకకి, చెయ్యి పట్టీ పట్టని సందులోకి పోయి, గోడకి అతుక్కుంది. అక్కణ్ణుంచి రెండు కళ్ళు మెరుస్తున్నాయి. చిన్నది సందులోకి చెయ్యి పెడితే, పాలపళ్ళు బయటపెట్టి గుర్రుమంది. గుర్రు కూడా సరిగ్గా రాలేదు, గొంతు ఇంకా పచ్చిగా ఉన్నట్టుంది. అంత నీరసంలోనూ, ఉన్న కాస్త బలాన్నీ ఆమెని చూసి భయపడడానికే వాడుకుంటోంది.

మొగుడికి నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి ఆపుకున్నాడు.

చిన్నది నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాచి, దాని ముందుకాలు పట్టుకుని బయటికి లాగింది. మందు పోసింది. వదలగానే అది మళ్ళీ మొగుడి దగ్గరకి పరిగెత్తింది. మధ్యాహ్నమూ అంతే. సాయంత్రమూ అంతే. ఇప్పుడు చెంచా చప్పుడు దాకా కూడా అక్కర్లేదు, ఆమె అడుగు వినపడితే చాలు.

"బాగానే ఉందిగా, ఇంక మందెందుకు, హింస" అన్నాడు మొగుడు. పీలిక అతని ఒళ్ళో, చొక్కా గుండీ నములుతోంది.

"మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరు చెప్పలేదూ?"

"చెప్పిందనుకో."

"అయితే ఇవాళ్టి మందు మీరు పొయ్యండి. మీ దగ్గరయితే పారిపోదుగా." సిరంజి చాచింది.

అతను సిరంజి వంక చూశాడు, పీలిక వంక చూశాడు. చెయ్యి ముందుకి రాలేదు.

"నాకా హస్తవాసి లేదే."

"హస్తవాసి అక్కర్లేదు. చెయ్యి వణక్కపోతే చాలు."

"అది కాదు..." మంచివాడు కాబట్టి, నిజమే చెప్పాడు. "రేపట్నుంచి నన్ను చూసి కూడా పారిపోతే?"

చిన్నది అతని ఒళ్ళోంచి పీలికని తీసుకుని, మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పట్టు పట్టి, బుగ్గ సందులోంచి చుక్కచుక్కగా పోసింది. చెయ్యి వణకలేదు. ఈసారి మాత్రం దాని మొహం వంక చూసింది. అది కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నమ్మకంతో మూసుకోవడం కాదు. అయ్యేదాకా అక్కడ లేకుండా పోవడానికి మూసుకోవడం. ఆ పని తనకీ తెలుసు. బట్టల పెట్టె వెనక నుంచి అక్క బయటికి లాగాక తనూ అలాగే మూసుకునేది.

*

"నీకు హస్తవాసి ఉందని మొదట ఎవరన్నారక్కా?"

చుక్కలు వేశాక ఆమె ఇంత మాట అడగడమే కొత్త. అక్క కళ్ళు మూసుకునే ఉంది. చిన్నది గుమ్మం దగ్గర, వెళ్ళడానికీ ఉండడానికీ మధ్య నిలబడి ఉంది.

"నాన్న. నాకు జడ కూడా సరిగ్గా వేసుకోవడం రాదప్పటికి. పెద్దతమ్ముడికి జ్వరం, వాడు ఎవరిచేతా మందు తాగట్లేదు. నేను పట్టుకుని పోశాను. తెల్లారేసరికి తగ్గింది. అంతే. ఇక ఇంట్లో ఎవరు తుమ్మినా నా చేతికే సీసా. అమ్మకేమో చెయ్యి ఆడదు, నాన్నేమో మీరు ఏడుస్తుంటే చూడలేడు, వీధిలోకి వెళ్ళిపోయేవాడు. మనసు మెత్తన పాపం. మెత్తనివాళ్ళంతా బయటికి పోతే గట్టిది ఒకర్తి ఇంట్లో ఉండాలి కదా."

"మిగతావాళ్ళు చేతులు దులుపుకోవడానికి కనిపెట్టిన మాటన్నమాట, హస్తవాసి."

"మరే" అక్క చిన్నగా నవ్వింది. "మందు చేదు నా వంతు, మనిషి తీపి వాళ్ళ వంతు. మీ ముగ్గురూ నన్ను చూస్తే ఇల్లంతా పరిగెత్తేవాళ్ళు. వాళ్ళిద్దరూ దొరికేవాళ్ళు. నువ్వు పెట్టె వెనక దూరేదానివి. దొరికాక పళ్ళు బిగించేదానివి. ఇప్పటికీ బిగిస్తావు."

"నేనా?"

"ఇప్పుడూ బిగించావు. మాట తేడాగా వస్తుంది, వినపడుతుంది."

చిన్నది నోరు కొంచెం తెరిచింది. దవడ మూలల్లో నొప్పి, పిన్ను తీశాక తెలిసే పోటులా, అప్పుడు తెలిసింది.

"నీకు కోపం వచ్చేది కాదా?"

"రాకేం. అందుకే నీకు ఎప్పుడూ అర చెంచా ఎక్కువ పోసేదాన్ని."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందు ఆగింది అక్కదే.

"అది నిన్ను చూసి దాక్కుంటోందని బాధపడుతున్నావు. నీ అడుగులో తెలుస్తోంది. నేనొకటి అడగనా? దాని దగ్గరకి ఒక్కసారైనా ఉత్తచేతులతో వెళ్ళావా?"

"జబ్బుదాని దగ్గరకి ఉత్తచేతులతో వెళ్ళి ఏం చెయ్యను?"

"అదే. నేనూ అలాగే అనుకున్నాను. నేను మీ దగ్గరకి ఎప్పుడొచ్చినా చేతిలో ఏదో ఒకటి. చెంచానో, దువ్వెనో, తడిగుడ్డో. నాకు తీరిక లేదనుకునేదాన్ని. తీరిక కాదేమోనే." అక్క దుప్పటి అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "ఉత్తచేతులతో వస్తే ఏం చెయ్యాలో నాకు తెలిసేది కాదు."

చిన్నది అలవాటు ప్రకారం, సీసా మూత బిగించి, "నలపకు" అని బయటికి వచ్చేసింది.

*

ఆఖరి కోటుకి గుండీలు కుట్టి, దారం తెంచి, ఇస్త్రీ చేసి, మిగతావాటి మీద వేసింది. అన్న రోజుకే అయ్యాయి. బయట ఎండ ఇంకా ఉంది. చేతులు ఖాళీ.

ఖాళీగా ఉన్న చేతులు ఆమెకి వింతగా అనిపించాయి. సూది గుచ్చుకోకుండా వేలికి తగిలించుకున్న అంగుస్తానా తీసి సొరుగులో వేసింది. మెడలోంచి టేపు తీసి మేకుకి తగిలించింది. చెవి వెనక ఉన్న సుద్దముక్క కూడా. ఒక్కొక్కటీ తీస్తుంటే తను ఎన్ని మోస్తూ తిరుగుతోందో తెలిసింది.

వెనకగదిలోకి వెళ్ళింది. అడుగు వినగానే మిషను వెనక రెండు కళ్ళు వెలిగాయి. ఆమె సందులోకి చెయ్యి పెట్టలేదు. పిలవలేదు. గది మధ్యలో నేల మీద కూర్చుని, రెండు చేతులూ వెల్లకిలా నేల మీద పెట్టింది. మందు వేళ ఇంకా కాలేదు. వేళయ్యాక ఎలాగూ పట్టుకుని పోస్తుంది. అందులో మార్పు లేదు, పారిపోతే పట్టుకొస్తుంది, గుర్రుమంటే గుర్రుమననిస్తుంది, డాక్టరు చాలన్న దాకా పోస్తుంది. ఇది వేరు.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా కూర్చోవడం కుట్టు విప్పడం కన్నా కష్టమని ఆమె కనిపెట్టింది. చేతులు తమంతట తాము ఏదో వెతుక్కుంటున్నాయి, నేల మీది దారప్పోగు ఏరబోయాయి. వద్దని ఆపింది. చివరికి మిషను వెనకనుంచి ముక్కు వచ్చింది, తర్వాత తెల్లమచ్చ. పీలిక మెడ బాగా సాచి, కాళ్ళు మాత్రం అక్కడే ఉంచి, పారిపోవడానికి వీలుగా, ఆమె ఎడమ అరచేతిని వాసన చూసింది. తర్వాత కుడి అరచేతిని. మందు ఎక్కడ దాచిందో అని రెండింటినీ మళ్ళీ చూసింది. దొరకలేదు. అనుమానం తీరక అక్కడే, చేతికి జానెడు దూరంలో, కూర్చుంది.

ఇంకా దగ్గరకి రాలేదు. పారిపోనూ లేదు.

చాలు, అనుకుంది చిన్నది. ఇవాళ్టికి ఇంతే కుట్టు.

లేచి, అక్క గది వైపు నడిచింది. ఎందుకో ఆలోచించలేదు. నడక పాత నడకే, తొందరగా, గట్టిగా పడింది. గుమ్మం దాటేసరికి అక్క నల్లద్దాలు తీసేసి ఉంది. తల వెనక్కి వాల్చి ఉంది. రెండు పిడికిళ్ళలోనూ దుప్పటి అంచు నలిగిపోతోంది. చుక్క పడకముందే కనురెప్పలు అదురుతున్నాయి. పెదాలు బిగుసుకుని ఉన్నాయి.

చిన్నది అక్కడే ఆగిపోయింది. ఇన్ని రోజులుగా రోజూ చూసిన మొహమే. కన్ను చూసింది, సీసా చూసింది, చుక్క చూసింది. మొహం ఇప్పుడు చూసింది.

"మందు కాదక్కా" అంది.

అక్క తల వాల్చే ఉంచింది. "మరి?"

"ఏం లేదు. ఊరికే వచ్చా."

అక్క పిడికిళ్ళు వెంటనే వదులు కాలేదు. చిన్నది మంచం అంచున కూర్చుంది. ఆ రెండు పిడికిళ్ళనీ ఒక్కొక్క వేలే విప్పి, అరచేతులు తెరిచి, వాటిలో తన చేతులు పెట్టింది. అక్క వేళ్ళు, సీసా ఎక్కడ దాచిందో అని, కాసేపు ఆ చేతుల్ని తడుముకున్నాయి.